తాతగారి నాటకాల పెట్టెలు: స్కానర్ కొనేముందు ఒక నోట్‌బుక్కు కొనండి

పెరంబూరు ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి, తాతయ్య పద్యనాటకాలకి హార్మోనిస్టు, రెండు ట్రంకు పెట్టెల నిండా కరపత్రాలు, నోట్‌బుక్కులు, ఫోటోలు, గ్రామఫోన్ రికార్డులు, క్యాసెట్లు, ఒక కిరీటం, భుజకీర్తులు ఉన్నాయి, ఇవన్నీ పాడవకుండా ఎలా దాచాలి, ఎవరికివ్వాలి, పదిమందికీ కనపడేలా నెట్‌లో ఎలా పెట్టాలి, ఇదీ మీరు అడిగింది. నేను చెన్నైలోనే చాలా ఏళ్లుగా ఆర్కైవు పనిలో ఉన్నానండీ, అందులోనూ నా చేతికొచ్చినవి ఎక్కువగా నాటకాలవీ సంగీతానివీ కాగితాలే, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించిన ముక్క మీరు ఆఖర్న బ్రాకెట్లో పెట్టేశారు: నానమ్మకి ఎనభై నాలుగేళ్లు, చూపు తగ్గింది గానీ జ్ఞాపకం బాగుంది అని. అదండీ అసలు సంగతి. పెట్టెలో కాగితం ఇన్నాళ్లు ఆగింది, ఇంకో ఐదేళ్లు ఆగుతుంది. గ్రూపు ఫోటోలో రెండో వరసలో కుడివైపు చివర నిలబడ్డ సన్నటాయన ఎవరో చెప్పగలిగిన మనిషి విషయంలో ఆ పూచీ ఎవరూ ఇవ్వలేరు. నా దగ్గరికొచ్చే వాటిల్లో చిరిగి పనికిరాకుండా పోయినవి తక్కువ, పేర్లు తెలీక పనికిరాకుండా పోయినవే ఎక్కువ. ఫోటో చెక్కుచెదరకుండా ఉంటుంది, కృష్ణుడి వేషంలో ఉన్నాయన ఎవరో తెలీదు, ఏ ఊరో తెలీదు, ఏ ఏడో తెలీదు, ఇంక దాన్ని ఎంత పెద్ద రిజల్యూషన్‌లో స్కాన్ చేస్తే మాత్రం ఏం చేసుకుంటాం.

అందుకని స్కానర్ ఇప్పుడే కొనొద్దు. ఒక రూళ్ల నోట్‌బుక్కు, నాలుగు మెత్తటి పెన్సిళ్లు (2బి దొరికితే మంచిది) కొనండి. పెట్టెలోంచి ఒక్కోటీ తీసి నంబరు వెయ్యడం, నోట్‌బుక్కులో ఒక లైను రాయడం, మొదటి వారం ముఖ్యంగా ఇదే పని. లైనులో ఏం రాయాలంటే నంబరు, అదేమిటి, నాటకం పేరు, ఊరు, ఏ హాలో ఏ పందిరో, కాగితం మీద తేదీ ఎలా ఉంటే అలాగే, దాని పక్కన మన అంచనా తేదీ విడిగా, అచ్చులో ఉన్న పేర్లన్నీ, ప్రెస్సు పేరు, ఈ వివరం ఎవరు చెప్పారు, ఏ పెట్టెలో ఏ కవర్లో ఉంది. ఈ "ఎవరు చెప్పారు" అన్న గడిని అందరూ వదిలేస్తారు, అదే తర్వాత ప్రాణం తీస్తుంది, ఎందుకంటే నానమ్మ ఒక పేరు చెప్తారు, మీ పెదనాన్న ఇంకో పేరు చెప్తారు, రెండూ రాసుకోవాలి, ఎవరిది రైటో ఇప్పుడే తేల్చక్కర్లేదు. తర్వాత దీన్నే ఎక్సెల్లోకి ఎక్కించండి. పెట్టెలో వస్తువులు ఏ వరసలో ఉన్నాయో అది కూడా ముందే ఫోటో తీసుకోండి, తాతగారు ఒక కట్టగా కట్టి పెట్టినవి విడదీసి "కరపత్రాలన్నీ ఒకచోట, ఉత్తరాలన్నీ ఒకచోట" అని సర్దేయొద్దు. ఒక ఉత్తరం, ఒక కరపత్రం, ఒక రైలు టిక్కెట్టు కలిపి దారంతో కట్టి ఉన్నాయంటే అవి ఒకే కాంట్రాక్టువి, అంటే ఒక కాంట్రాక్టరు నటుల్ని పిలిపించి ఆడించిన ఒకే నాటకానివి అయ్యుంటాయి, దారం విప్పి సర్దేస్తే ఆ సంబంధం పోయినట్టే.

నానమ్మగారిని మాట్లాడించడం గురించి. "నానమ్మా, తాతయ్య గురించి చెప్పు" అంటే ఎవరైనా రెండు నిమిషాలు చెప్పి ఆగిపోతారు, లేదంటే పెళ్లిరోజు దగ్గర మొదలెట్టి అక్కడే ఉండిపోతారు. అలా కాకుండా ఒక్కో వస్తువూ చేతిలో పెట్టండి. చూపు తగ్గిందన్నారు కాబట్టి ఫోటోల్ని ముందు ఫోన్‌తో తీసి టీవీకి కలిపి పెద్దగా చూపించండి. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, "ఇది నలభై రెండో నంబరు ఫోటో" అని మీరు గట్టిగా చెప్పి అప్పుడు అడగండి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత రికార్డింగు వింటే ఆవిడ "వీడు చాలా మంచివాడు, పాపం" అంటూ ఉంటారు, ఎవడో ఏంటో తెలిసి చావదు. చిన్న ప్రశ్నలే వెయ్యండి: పక్కనున్నది ఎవరు, ఈ కోటు ఎవరిది, ఈ ఊరు ఏ బండిలో వెళ్లేవాళ్లు, డబ్బులు ముందిచ్చేవాళ్లా తర్వాతా. ఫ్యాను ఆపండి, కుక్కర్ స్టవ్వు మీద ఉంటే దించేయండి. ఒక పూట అరగంట చాలు, అలసిపోతారు. ఇంకో మాట, ఆవిణ్ణి తాతగారి సాక్షిగా మాత్రమే చూడొద్దు, నాటకం వాళ్లు అర్ధరాత్రి దిగితే వంట చేసింది ఆవిడే అయ్యుంటుంది, మేకప్పు మరకలు ఉతికింది ఆవిడే అయ్యుంటుంది, ఆ కథ ఏ కరపత్రంలోనూ ఉండదు.

కరపత్రాల దగ్గర వచ్చే పెద్ద చిక్కు వాటి మీద ఏడాది ఉండకపోవడం. నాటకం రేపో ఎల్లుండో కదా, ఏడాది వెయ్యాలని ఎవరికి తోస్తుంది. "ది. 14-2 శనివారం రాత్రి 9-30 గంటలకు" అని ఉంటుంది, అంతే. కానీ తేదీ, వారం రెండూ ఉంటే సగం పని అయినట్టే. ఫిబ్రవరి 14 శనివారం పడ్డ ఏళ్లు 1930 నుంచి 1960 లోపల 1931, 1942, 1948, 1953, 1959 మాత్రమే. ఇప్పుడు టిక్కెట్టు రేట్లు చూడండి. కుర్చీ 1-8-0, నేల 0-4-0 అని రూపాయి అణా పైసల్లో ఉంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందుది, ఎందుకంటే దశాంశ నాణేలు వచ్చింది ఆ రోజునే. "న.పై." (నయాపైసలు) అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది, 64 జూన్ నుంచి నయా అన్నమాట తీసేసి ఉత్త పైసలు అన్నారు. మన ఉదాహరణలో రేట్లు అణాల్లో ఉన్నాయనుకుందాం, కాబట్టి 1959 కొట్టేయండి. తాతగారు 1932లో పుట్టారని రాశారు, కరపత్రంలో హార్మోనియం అని ఆయన పేరే ఉంటే 31, 42 కూడా పోయినట్టే. 48లో ఆయనకి పదహారేళ్లు, పైగా గాంధీగారు పోయి సరిగ్గా పదిహేను రోజులు, ఆ శనివారం టిక్కెట్టు పెట్టి నాటకం ఆడించారంటే నమ్మడం కష్టం. మిగిలింది 1953. ఇదంతా రాసి "1953, అంచనా" అని అంచనా గడిలో వెయ్యండి, అసలు తేదీ గడిలో మాత్రం వెయ్యొద్దు, రేపు ఇంకొకళ్లు ఆధారంతో కాదంటే మార్చుకోడానికి వీలుండాలి.

ఇంకా కొన్ని గుర్తులు చెప్తాను. పైన తెలుగు సంవత్సరం పేరుంటే అదృష్టమే, అరవై ఏళ్లకోసారి గానీ తిరిగి రాదు, నందన అని ఉంటే 1952 ఉగాది నుంచి 1953 ఉగాది దాకా. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరు తర్వాత, ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 1956 నవంబరు తర్వాత. అడ్రసులో మద్రాసు-17, మద్రాసు-1 అని రెండంకెలో ఒకంకెలో ఉంటే పిన్‌కోడు రాకముందుది, పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది, కాకపోతే జనం పాత నంబర్లు తర్వాత కూడా చాలాకాలం వాడారు కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అడుగున సన్నక్షరాల్లో ప్రెస్సు పేరుంటుంది, దాన్ని ఎప్పుడూ వదలొద్దు. అనుమానం తీరకపోతే ఆంధ్రపత్రిక పాత సంచికలు వెతకొచ్చు, ఆ దినపత్రిక 1914 నుంచి చాలాకాలం మద్రాసులోనే అచ్చయింది, ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్లు పాత పత్రికలు చాలా స్కాన్ చేయించారు, ఊళ్ల వార్తల్లో నాటకాల కబుర్లు దొరుకుతూ ఉంటాయి. అక్షరాలు వెతికితే దొరకవు, పేజీలు తిప్పాల్సిందే.

ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రంలో ఇద్దరు ముగ్గురు నటుల పేర్లుంటే అచ్చుతప్పు అనుకోవద్దు, కాంట్రాక్టు నాటకాల్లో ఒక రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు మామూలే, ఏ సీనుకి ఎవరన్నది కూడా ఉంటే రాసుకోండి. ఆడవాళ్ల పేర్లు "మిస్" ఫలానా అనో, ఊరిపేరు ముందు పెట్టో ఉంటాయి, ఒకే ఆవిడ మూడు కరపత్రాల్లో మూడు రకాలుగా ఉండొచ్చు, ఉన్నది ఉన్నట్టే ఎక్కించి పక్కన "ఈవిడే ఆవిడ అనుకుంటా" అని రాయండి.

నా మటుకు నాకు మీ రెండు పెట్టెల్లో అన్నిటికంటే విలువైనవి ఆ నోట్‌బుక్కులు. కిరీటం చూడ్డానికి బాగుంటుంది, అందరూ దాన్నే ఫోటో తీస్తారు, కరపత్రం ఇంకెవరి దగ్గరైనా ఇంకో కాపీ ఉండే అవకాశం ఉంది, హార్మోనిస్టు చేత్తో రాసుకున్న పుస్తకం మాత్రం ప్రపంచంలో ఒక్కటే. నేను చూసిన ఒకదాంట్లో ప్రతి పద్యం మొదటి మాటా రాసి, ఎదురుగా రాగం, శృతి, ఆ పక్కన నటుడి పేరులో మొదటక్షరం ఉన్నాయి. అదే పద్యానికి ఒకాయనకి నాలుగు శృతి, ఇంకొకాయనకి ఐదున్నర. ఒకచోట "ఇక్కడ ఆపుతాడు, చూసి పట్టు" అని, ఇంకోచోట "వన్స్‌మోర్ వస్తే రెండోసారి పైనుంచి" అని. పద్యం పుస్తకంలో అచ్చయి ఉంది, అది ఎలా పాడారన్నది ఇందులో తప్ప ఎక్కడా లేదు. చివరి పేజీల్లో లెక్కలు: బండి చార్జీ, బత్తా, ఎవరు ఎంత బాకీ. మా వాళ్లు కొందరు ఈ లెక్కల పేజీలు స్కాన్ చెయ్యకుండా వదిలేసేవారు, ఇప్పుడు పరిశోధకులు వచ్చి మొదట అడిగేది అవే, ఎందుకంటే నాటకం వాళ్లకి ఎంత ముట్టేదన్నది అచ్చులో ఎక్కడా దొరకదు. కాబట్టి అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీలతో సహా, మధ్యలో పెట్టిన బస్సు టిక్కెట్టుతో సహా ఫోటో తియ్యండి.

ఇప్పుడు భద్రపరచడం. చెన్నైలో మనకి శత్రువు వయసు కాదు, చెమ్మ. దానితోపాటు వెండిపురుగు, చెద. పెట్టెలు నేల మీద పెట్టొద్దు, చెక్క మీదో ఇటుకల మీదో జానెడు ఎత్తున ఉంచండి, గోడకి ఆనించొద్దు. గ్రౌండ్ ఫ్లోర్ అయితే అసలొద్దు, 2015 డిసెంబరు వరదలో ఎన్నిళ్లల్లో ఏమేం పోయాయో మీకు చెప్పక్కర్లేదు. అలాగని డాబా కింద అటక మీదా వద్దు, మే నెలలో అక్కడ కాగితం వేగిపోతుంది. మధ్య అంతస్తులో, లోపలి గోడ పక్కన, గాలాడే గదిలో స్టీలు బీరువా చాలు. ఏసీ పెట్టాలా అని అడిగేవాళ్లుంటారు, రాత్రి ఆరుగంటలు వేసి పగలు ఆపేసే ఏసీ కంటే ఏసీ లేకపోవడమే మేలు, చెమ్మ ఎక్కుతూ దిగుతూ ఉండటం కాగితానికి ఎక్కువ చెరుపు.

చెయ్యకూడనివి చెప్తా. లామినేషన్ వద్దు, అది మళ్లీ ఊడదీయలేం. సెల్లోటేపు వద్దు, పదేళ్లకి గమ్ము గోధుమరంగుకి తిరిగి అక్షరాల్ని తినేస్తుంది. పాత రబ్బరు బ్యాండ్లు, తుప్పు పట్టిన గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు మెల్లగా తీసేయండి. ఫోటోల దగ్గర కలరా ఉండలు వెయ్యొద్దు. పచ్చి వేపాకు వెయ్యొద్దు, అది ఆరేదాకా చెమ్మే ఇస్తుంది. కరపత్రాలు గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగు పల్చటి కాగితం మీద ఉంటాయి కదా, తడి తగిలితే రంగు పక్కదానికి అంటుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది, ఫ్రేము కట్టి హాల్లో పెట్టాలనిపిస్తే కలర్ ప్రింటు తీయించి అది ఫ్రేము కట్టండి. మురికిగా ఉందని తడిగుడ్డ పెట్టొద్దు, పాత ఫౌంటెన్ పెన్ను సిరా ఒక్క చుక్కకి పోతుంది, మెత్తటి పెయింటు బ్రష్షుతో దులపండి అంతే. యాసిడ్ లేని కాగితం ఆన్‌లైన్లో దొరుకుతుంది, ఖరీదెక్కువ. అది కుదరకపోతే పాత తెల్ల నూలు పంచెలు ఉతికి, గంజి పెట్టకుండా, బాగా ఎండబెట్టి చుట్టండి. గంజి పెట్టారంటే వెండిపురుగుకి మీరే విస్తరి వేసినట్టు.

పురుగు అప్పటికే పట్టిన పుస్తకం ఉంటే దాన్ని వేరు చేసి, పాలిథీన్ కవర్లో గాలి తీసేసి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టండి, తీశాక కవర్ విప్పకుండా ఒక రోజంతా బయట ఉంచి అప్పుడు తెరవండి. పుస్తకాలకి, కాగితాలకి మాత్రమే ఈ పని. ఫోటోలు, రికార్డులు, కిరీటం అందులో పెట్టొద్దు.

కిరీటం, భుజకీర్తులు తేలికపాటి చెక్క మీదో అట్ట మీదో గిల్టు కాగితం, అద్దాలు, పూసలు జిగురుతో అంటించి చేసినవి, ఆ జిగురు వేడికి వదులుతుంది, పురుగుకి అదే ఇష్టం. ఊడిన అద్దం ఫెవికాల్ పెట్టి అంటించొద్దు, ఊడిన ముక్కల్ని కవర్లో వేసి నంబరు రాసి దాంతోపాటే పెట్టండి. కిరీటం లోపల పాత గుడ్డ బంతిలా చేసి పెడితే ఆకారం నిలుస్తుంది. లోపలి అంచున నూనె మరకలు, చెమట మరకలు ఉంటాయి, శుభ్రం చేసేద్దామనిపిస్తుంది, వద్దు. జరీ బట్టలుంటే ఉతకొద్దు, డ్రైక్లీనింగ్‌కీ ఇవ్వొద్దు, పరిచి పెట్టండి, మడత తప్పకపోతే మడతలో గుడ్డ చుట్ట పెట్టి ఏడాదికోసారి మడత చోటు మార్చండి.

గ్రామఫోన్ రికార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయన్నారు, ఇవాళే నిలబెట్టండి, పుస్తకాల్లా నిటారుగా, అటూఇటూ ఒరగకుండా. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ పెట్టి తుడిస్తే కరిగిపోతాయి, శానిటైజర్ కూడా స్పిరిట్టే అని గుర్తుంచుకోండి. ఎల్పీ ప్లేయర్లో పెట్టి వినేద్దామనుకోవద్దు, ఇవి నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతరకం, వీటికి గాడి వెడల్పు, వేరే సూది కావాలి. అప్పటి నాటకాలు సెట్లుగా వచ్చేవి, ఒక పక్కకి మూడు నిమిషాల చొప్పున, కాబట్టి ఏ సెట్లో ఎన్నో రికార్డో లేబుల్ మీద ఉంటుంది, లేబుల్ నంబరూ, గాడి అయిపోయాక మధ్యలో చెక్కిన నంబరూ రెండూ రాసుకోండి. ఇవి మార్కెట్లో అమ్మినవే కాబట్టి ఇంకెక్కడో కాపీ ఉండి ఉండొచ్చు. బెంగళూరు నుంచి మొదలైన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ వాళ్లు పాత రికార్డులు డిజిటైజ్ చేసి ఊరికే వినడానికి పెట్టారు, మీవి అక్కడ ఉన్నాయేమో ముందు చూడండి.

క్యాసెట్లు అలా కాదు, అవి ఏ పందిట్లోనో ఎవరో పెట్టిన టేప్‌రికార్డరులో పడ్డవి, ఒక్కటే కాపీ. డిజిటైజ్ చెయ్యాల్సిన వరసలో నేనైతే వీటినే మొదట పెడతాను. ముందుగా క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ నాలుకలు విరిచేయండి, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా చెరిగిపోకుండా ఉంటుంది. తెల్లగా బూజు కనిపిస్తే ప్లే చెయ్యొద్దు, తెలిసినవాళ్లకివ్వండి. మంచి డెక్కులో, హెడ్ శుభ్రం చేసి, 24 బిట్ వేవ్ ఫైలుగా తీసుకోమనండి, కనీసం 48 కిలోహెర్ట్జ్. ఎంపీత్రీ వాట్సాప్‌లో పంచుకోడానికి. హిస్ శబ్దం తగ్గించి "క్లీన్" చేసిస్తామంటారు, చెయ్యనివ్వండి గానీ ముట్టుకోని ఫైలు విడిగా తీసుకోండి, హార్మోనియం సన్నటి పైశబ్దం ఆ క్లీనింగులోనే పోతుంది.

కాగితాల స్కానింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ అయితే కరపత్రాలు 400, ఫోటోలు 600 డీపీఐ, టిఫ్ ఒకటి దాచుకోడానికి, జేపెగ్ ఒకటి చూపించడానికి. ఫోన్‌తో అయితే కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి, స్కానింగ్ యాప్‌లో తెల్లగా మార్చే ఫిల్టర్ ఆపేసి. వెనకవైపు కూడా తియ్యండి. ఫైలు పేరు అంటే మీరు వేసిన నంబరే, "తాతయ్య ఫోటో కొత్తది ఫైనల్" కాదు. రెండు హార్డ్‌డిస్కులు వేర్వేరు ఇళ్లల్లో, ఒక కాపీ క్లౌడ్‌లో.

ఎవరికివ్వాలి అన్నది. చెన్నైలో ఇలాంటి కాగితానికి విలువ తెలిసిన చోటు తరమణిలోని రోజా ముత్తయ్య రీసెర్చ్ లైబ్రరీ, చెట్టినాడు కోట్టయ్యూరులో ఒక మనిషి సొంతంగా పోగేసిన సేకరణని షికాగో విశ్వవిద్యాలయం తీసుకోవడంతో 1994లో మొదలైంది, నాటక నోటీసుల్ని కూడా ఆయన పారెయ్యకుండా దాచారు కాబట్టే తమిళ నాటక చరిత్ర ఇవాళ అంత వివరంగా రాయగలుగుతున్నారు. వాళ్లది ప్రధానంగా తమిళం. కలకత్తాలో నాట్య శోధ్ సంస్థాన్ 1981 నుంచి అచ్చంగా నాటకాల కోసమే పనిచేస్తోంది. మన వైపు వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఏ చోటైనా సరే, పేరు చూసి కాదు, రెండు ప్రశ్నలు అడిగి నిర్ణయించుకోండి. దీన్ని మీరు జాబితాలో ఎప్పటికి ఎక్కిస్తారు? ఒక కాలేజీ పిల్ల వచ్చి అడిగితే ఎలా చూపిస్తారు?

ఎందుకంటున్నానంటే, నాకు తెలిసిన ఒక నటుడి కుటుంబం ఒక సంస్థకి మొత్తం ఇచ్చేసింది, శాలువా కప్పారు, పేపర్లో ఫోటో వచ్చింది. చాలా ఏళ్లకి ఒక పరిశోధకురాలు వెళ్లి అడిగితే అలాంటిదేమీ లేదన్నారు. లేదు కాదు, ఉంది, "తెలుగు, ఇతరాలు" అని రాసిన గోనె సంచుల్లో. అక్కడ తెలుగు చదవగలిగే మనిషి లేడు, జాబితా లేదు, అంతే. మీరు ఇచ్చేరోజు మీ ఎక్సెల్ షీటు కూడా ఇస్తే, అందులో పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఉంటే, ఆ సంచుల్లో పడే ప్రమాదం చాలా తగ్గుతుంది. కుదిరితే నాటకం పేరు, హాలు పేరు తమిళంలో కూడా పెట్టించండి. ఈ ఊళ్లో తెలుగు నాటకం చరిత్రా తమిళ నాటకం చరిత్రా విడదీయడానికి కుదరవు. నాటకాలాడిన ఇక్కడి విక్టోరియా పబ్లిక్ హాలుకి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనందగజపతి. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సరసవినోదినీ సభ 1891లో వచ్చి ఇక్కడ తెలుగు నాటకాలు ఆడితే, అది చూసి ఉత్సాహం పుట్టి తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడు సుగుణ విలాస సభ పెట్టారు. తమిళ నాటకం మీద పనిచేసేవాళ్లకీ మీ తాతగారి కరపత్రం కావాలి, దొరికేలా ఉంటే చాలు.

ఇచ్చేటప్పుడు నోటి మాట వద్దు, కాగితం రాసుకోండి: ఏమేం ఇస్తున్నారు, విడదీసి వేర్వేరు చోట్లకి పంపకూడదు, డిజిటల్ కాపీ కుటుంబానికివ్వాలి, సంస్థ మూతపడితే తిరిగి అడిగే హక్కు, ఎవరికైనా ఉచితంగా చూపించాలి. ఇష్టం లేకపోతే అసలు ఇవ్వకండి కూడా, వాళ్లని స్కాన్ చేసుకోమని అసలువి మీరే ఉంచుకోవచ్చు. బ్రిటిష్ లైబ్రరీ వాళ్ల ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రాం 2004 నుంచి నడుస్తోంది, దాంట్లో అసలు వస్తువులు దేశం దాటవు, కాపీలే తీసుకుంటారు. 20వ శతాబ్దం వాటికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలస్ శాఖ అలాంటిదే ఇంకోటి నడుపుతోంది. ఇవి ఒక్క ఇంటి పెట్టెకి సరిపడే వ్యవహారం కాదు, మీలాంటి నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక సంస్థ ద్వారా అడగాలి. బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కూడా ఆర్కైవుల మీద పనిచేసేవాళ్లకి గ్రాంట్లిస్తుంది. పాత సామాన్లు కొనేవాళ్లు కిరీటానికి మంచి ధరే చెప్తారు, అది ఒక్కటీ అమ్మేసి మిగతావి ఇద్దామనుకుంటే మీ ఇష్టం, నేనైతే చెయ్యను, విడిగా అది అలంకరణ వస్తువు, నోట్‌బుక్కులతో కలిపితేనే ఆయన కిరీటం.

నెట్‌లో పెట్టడానికి హక్కుల సంగతి. నేను లాయర్ని కాదు గానీ మా పనిలో పాటించేది చెప్తాను. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు, ఇద్దరు రాసింది అయితే ఆఖర్న పోయినవాళ్ల నుంచి లెక్క. తిరుపతి వెంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు కాబట్టి వాళ్ల నాటకాల గడువు 2010తో తీరిపోయింది, ఆ పద్యాలు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. సౌండ్ రికార్డింగుకి విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు, అంటే 1950ల్లో వచ్చిన రికార్డులన్నిటికీ ఆ గడువు తీరిపోయింది. క్యాసెట్లలో పాడినవాళ్లకి ప్రదర్శన హక్కు 50 ఏళ్లు, కాబట్టి 80ల్లో పందిట్లో పాడినవి పెట్టేముందు ఆ నటుల పిల్లల్ని అడిగితే మర్యాద, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. తాతగారు రాసినవాటి హక్కు మీ కుటుంబానిది. ఆయనకి వచ్చిన ఉత్తరాల హక్కు మాత్రం రాసినవాళ్లది.

చట్టం కాకుండా ఇంకోటుంది. బాకీల లెక్కల్లో, ఉత్తరాల్లో మనుషుల పరువు ఉంటుంది. నాటకాల్లో వేసిన ఆడవాళ్ల గురించి ఆ రోజుల్లో ఎలా రాసేవాళ్లో తెలుసు కదా, ఆ కుటుంబాల్లో కొందరు గర్వంగా చెప్పుకుంటారు, కొందరు ఆ సంగతే ఎత్తరు. అలాంటివి స్కాన్ చెయ్యండి, జాబితాలో "ఉత్తరం, వ్యక్తిగతం" అని ఒక లైను పెట్టండి, బొమ్మ మాత్రం పైకెక్కించకండి. అన్నీ పెట్టేస్తేనే అందుబాటు అని నేననుకోను.

ఎక్కడ పెట్టాలంటే, గడువు తీరినవి వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా వాళ్ల ఉచిత బొమ్మల భండారం), పెద్ద నోట్‌బుక్కులు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో. ఫేస్‌బుక్కులో పెడితే లైకులొస్తాయి, వారం తర్వాత మీకే దొరకదు. ఎక్కించేటప్పుడు వివరణలో మీ జాబితాలో లైను మొత్తం అతికించండి, ఊరు, నటులు, ప్రెస్సు అన్నీ, కరపత్రాల్లో పువ్వుల అక్షరాల్ని ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) చదవలేదు కాబట్టి మీరు టైపు చేసిందే గూగుల్‌కి కనిపిస్తుంది. తెనాలిలో ఎవరో తన తాత పేరు కొట్టి చూస్తే మీ కరపత్రం తగలాలి. బొమ్మలు ఒక్కటీ పెట్టకుండా ఉత్త ఎక్సెల్ షీటు పెట్టినా అది జరుగుతుంది, అందుకే మొదటి నుంచీ జాబితా జాబితా అని చంపుతున్నా. ఫోటోల్లో తెలీని మొహాలుంటే నంబర్లు వేసి చిన్న సైజులో రంగస్థలం వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిప్పండి, టీ నగర్లో తెలుగువాళ్ల సభ ఏదైనా ఉంటే ప్రింట్లు తీసి ఒక బల్ల మీద పెట్టి పెన్సిలు, చీటీలు ఉంచండి, ముసలాళ్లు వచ్చి నిలబడి చెప్తారు.

నెలాఖరు అన్నారు కాబట్టి ముందు ఈ వారం, నంబర్లు వెయ్యడంతోపాటు: రికార్డులు నిలబెట్టడం, క్యాసెట్ల నాలుకలు విరవడం, పెట్టెల్ని పై వరస నుంచి ఫోటో తీయడం, నానమ్మగారితో రోజూ అరగంట. ప్యాకర్స్ లారీలో మాత్రం ఈ పెట్టెలు ఎక్కించకండి, సొంత కార్లో వెనక సీట్లో పెట్టుకెళ్లండి, డిక్కీ వేడిగా ఉంటుంది. క్యాసెట్ల మీద ఏం రాసుందో, ఏ కంపెనీవో ఒక ఫోటో ఇక్కడ పెడితే ఏది ముందు తియ్యాలో చూసి చెప్తాను.